ఊపిరి తీసుకునే చోటు

సిరాబుడ్లు సగం నింపేసరికి అర్సేన్ గొబెర్‌కి ఎడమచెయ్యి లాగింది. సీసా కింద పెట్టి, కిటికీ చట్రాన్ని పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. బయట పొగమంచు. బడి ఆవరణలోని నీళ్ళ పంపు కూడా కనిపించడం లేదు. దానికవతల వీధి, వీధి చివర నది, నది ఒడ్డున చాకిరేవు ఉన్నాయి. అవేవీ కంటికి ఆనకపోయినా బట్టలు బాదే చెక్కల చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది. నవంబరు వచ్చి చేతులు కొంకర్లు పోతున్నా కుర్‌వాల్ ఊళ్ళో ఆ చప్పుడు ఆగదు.

చెయ్యి కాస్త తేలికపడ్డాక మళ్ళీ సీసా అందుకున్నాడు. ఊదారంగు సిరా. అతని వేళ్ళ కొసలకు ఆ రంగు పట్టి ఏళ్ళు గడిచాయి. ఆదివారం సబ్బుతో ఎంత రుద్దినా పోదు. మీసంలో సుద్దపొడి, మోచేతుల దగ్గర మెరుపు తేలిన నల్లకోటు, కాలర్‌లో నిలవక బయటికి సాగినట్టుండే పొడుగాటి మెడ. వీధిలో దూరాన్నుంచి చూసినా మేష్టారని ఇట్టే తెలిసిపోయే మనిషి. పెళ్ళి చేసుకోలేదు. బడిమీద ఉన్న రెండు గదుల్లోనే కాపురం. పొద్దున పిల్లలకు చదువు, సాయంత్రం మేయరుగారి ఆఫీసులో రాతకోతలు. ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా ఆ సంగతి రాసేది అతనే.

కిటికీ పక్కనున్న మూడో బల్లమీది బుడ్డిని అన్నిటికన్నా చివర నింపాడు. ఆ బల్లమీద ఎవరూ కూర్చోరు. పిల్లలు తక్కువై కాదు. మిగతా బల్లలమీద చోటు చాలక ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటూనే ఉంటారు. అయినా అతను అక్కడ ఎవర్నీ కూర్చోనివ్వడు. అడిగితే గాలి కొడుతుందంటాడు.

పిల్లలు వచ్చారు. ఒక్కొక్కరి చంకలో ఒక్కో కట్టె. బడి పొయ్యికి ఇంటినుంచి కట్టె తేవాలన్నది ఆ ఊరి వాడుక. గుమ్మం దగ్గర చెక్కజోళ్ళు విడిచి, కట్టెలు పొయ్యి పక్కన పడేసి లోపలికి వస్తున్నారు. వసారా రాళ్ళమీద జోళ్ళ చప్పుళ్ళు ఒకటి తర్వాత ఒకటి ఆగిపోతాయి. అన్నీ ఆగాక అర్సేన్ ఇంకొంచెంసేపు తలుపువైపు చూస్తాడు. కుడికాలు కాస్త ఈడుస్తూ ఆలస్యంగా వచ్చే జత ఒకటి ఉండేది. ఆ కుర్రాడు తండ్రి జోళ్ళలో గడ్డి కుక్కుకుని తొడుక్కునేవాడు. అందుకే ఆ ఈడుపు. ఇప్పటికీ కొన్ని ఉదయాలు అది స్పష్టంగా వినిపిస్తుంది. తలుపు తీసి చూస్తే వసారాలో రాళ్ళు తప్ప ఏమీ ఉండవు. ఇవాళ కూడా వినిపించింది. కానీ తలుపు తీయలేదు.

హాజరు పిలిచాడు. లొర్రేన్ పేరు పలికాక నాలుక ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాతే మెర్సియే అన్నాడు. ఆ రెండు పేర్ల మధ్య ఇప్పుడు మరో పేరు లేదు. పిల్లలకు ఆ ఆగడం అలవాటైపోయింది. కొందరు చిలిపివాళ్ళు ఆటలో హాజరు పిలుచుకునేటప్పుడు కూడా అక్కడ అలాగే ఆగేవాళ్ళు.

వాచకాలు తెరవమన్నాడు. ఈ ఏడు వచ్చిన కొత్త వాచకం. నిన్న నక్క పాఠం అయింది. ఇవాళ గోధుమ కోతల పాఠం చెప్పాలనుకున్నాడు. ముందు వరసలోంచి ఫాన్షెట్ లేచి నిలబడింది. చాకలి ఒర్తాన్స్ కూతురు. జడలు బిగుతుగా వేసుకుని, అన్నీ తెలుసుకునేదాకా నిద్రపోని పిల్ల.

"మేష్టారూ, నక్క తర్వాత మనమో పేజీ వదిలేశామండి," అంది. "అది మన ఊరి ఎలోయ్ మారెట్ రాసిందటండి. మా అమ్మ చెప్పింది."

తరగతి మొత్తం ఆ పేజీ తిప్పుకుంది. అక్టోబరునుంచీ పాఠాలను అటూ ఇటూ సర్దుతూ ఆ పేజీని తప్పించుకొస్తున్నాడు. పద్యం కింద సన్నటి అక్షరాల్లో వాడి పేరు, పక్కనే పుట్టిన ఏడూ పోయిన ఏడూ ఉన్నాయి. ఆ రెంటికీ మధ్య దూరం ఎంత తక్కువో లెక్క తీయమంటే ఈ తరగతిలో ఆఖరివాడు కూడా తీస్తాడు.

"సరే, నువ్వే చదువు," అన్నాడు.

ఫాన్షెట్ గొంతు సవరించుకుని, గంట కొట్టినట్టు చదివింది:

*మంచు పగలగొట్టి మా అమ్మ
నదిలోంచి పరాయి చొక్కాలు తీస్తుంది.
ఆ చొక్కాల్లో ఎవరూ లేరు,
అయినా అన్నిటికీ చలి వేస్తోంది.*

ఎక్కడా ఆగకుండా ఒక్క బిగిన చదివేసి కూర్చుంది. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. చొక్కాకి చలేమిటన్నాడు ఒకడు. అర్సేన్ వాళ్ళని కసరలేదు. మూడో బల్లవైపు చూశాడు. పింగాణీ బుడ్డిలో సిరా కదలకుండా ఉంది. మళ్ళీ చదవమన్నాడు. ఈసారి 'చొక్కాల్లో' దగ్గర ఆగి ఊపిరి తీసుకోమన్నాడు. ఆ పిల్ల ఆగింది. ఆ ఆగిన జానెడు నిశ్శబ్దంలో రేవునుంచి బాదుడు చప్పుడు వచ్చి పడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నం పిల్లలు ఇళ్ళకు పోయారు. అర్సేన్ మెట్లెక్కే ఓపిక లేక, పొయ్యిమీద క్యాబేజీ చారు వేడిచేసుకుని, రై ధాన్యపు రొట్టె నానేసుకుని తరగతిలోనే తిన్నాడు. ఎలోయ్ కూడా ఈ వేళప్పుడు ఇంటికి వెళ్ళేవాడు కాదు. వెళ్ళినా అక్కడ ఎవరూ ఉండరు. తండ్రి పారిసుకు కట్టెలు చేరవేసే తెప్పల మీద పనిచేస్తూ నదిలోనే పోయాడు. తల్లి పగలంతా రేవులో బట్టలుతుకుతూ ఉండేది.

మొదటిసారి వాణ్ణి గమనించింది శిక్ష వేసినప్పుడే. పాఠం చదువుతుంటే బల్లమీద వేళ్ళతో టకటకమని కొడుతున్నాడు. మూల నిలబెట్టాడు. సాయంత్రం దగ్గరికి పిలిచి ఎందుకు కొడుతున్నావని అడిగాడు. వాడు నేలచూపులు చూస్తూ, మీరు చదువుతూ ఎక్కడ ఆగుతారో ముందే కనిపెడుతున్నానన్నాడు. ఒకచోట మాత్రం తప్పు ఆగారండి అని కూడా అన్నాడు. అర్సేన్ పుస్తకం తీసి చూసుకున్నాడు. వాడన్నది నిజం.

అతను కవి కాడు. కావాలని కుర్రతనంలో ఎంత ప్రయత్నించినా చేతకాలేదు. అతనికి చేతనైంది ఒక్కటే, పైకి చదవడం. వాక్యం ఎక్కడ ఊపిరి అడుగుతుందో అతనికి తెలుసు. ఆ మధ్యాహ్నాల్లో వాడికి నేర్పింది అదే. వాడి అరచేతిని వాడి పక్కటెముకల మీదే పెట్టించి, లోపల నిండేదాకా ఆగు, ఇప్పుడు పలుకు అనేవాడు. తన పుస్తకాలన్నీ ఇచ్చాడు. వాడు చదివినవి తిరిగిచ్చాక వాటిమీద చారు మరకలూ బూడిదసబ్బు వాసనా ఉండేవి. ఒక చలికాలం వాడు రాసిన పది పంక్తులు తెచ్చి చూపించాడు. అర్సేన్ వాటిని పైకి చదివాడు. ఎక్కడ ఆగాలో ఆ పంక్తులే చెప్పాయి.

ఆ తర్వాతే వాడి తల్లి మారెట్టమ్మ ఇంటికి తిరగడం మొదలుపెట్టాడు. ఊళ్ళో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆమె కొడుకును రొట్టెల బట్టీలో పనికి పెట్టాలనుకుంది. బట్టీవాడు ఒప్పుకున్నాడు కూడా. వెచ్చగా ఉంటుంది, కడుపు నిండుతుంది. అర్సేన్ పట్నంలో పెద్దబడి, స్కాలర్‌షిప్ అంటూ వెళ్ళినప్పుడల్లా ఆమె పిండిన దుప్పటిని మళ్ళీ పిండుతూ ఉండేది. చివరికొకనాడు, తీసుకుపొండి అంది. వాడికేమైనా అయితే మాత్రం ఈ జన్మలో మీతో మాట్లాడను అంది.

పట్నం, ఆపైన పారిసు. అక్కడ చూరుకింద ఒక గది, పొయ్యి లేదు. వాడి పద్యాలతో ఒక సన్నటి పుస్తకం. దగ్గు. కొన్నేళ్ళ కిందట ఫిబ్రవరిలో ధర్మాసుపత్రి నుంచి మేయరుగారి ఆఫీసుకు కబురొచ్చింది. ఆ కబురు విప్పింది అర్సేనే, ఊరి చావుల పుస్తకంలో ఆ పేరు రాసిందీ అర్సేనే. సిరా ఆరకముందే రేవుకు నడిచాడు. మారెట్టమ్మ మోకాళ్ళ కింద గడ్డి పరిచిన చెక్కపెట్టె వేసుకుని దుప్పటి జాడిస్తోంది. చెప్పాడు. ఆమె అతనివంక చూడలేదు. దుప్పటి జాడించడం పూర్తిచేసింది, పిండింది, మడిచి బుట్టలో పెట్టింది. ఆ రోజునుంచి అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. వీధిలో ఎదురుపడితే పక్కకు తప్పుకునేది. అతని చొక్కాలు కూడా ఒర్తాన్స్ ఉతుకుతోంది.

పిల్లలు తిరిగొచ్చాక లెక్కలు చెప్పాడు, ఫ్రాన్సు నదులు చెప్పాడు. నదుల పేర్లు పిల్లలు పాటలాగ అంటుంటే కిటికీ అద్దంలో, మూడో బల్ల మీద, ఒక వంచిన తల నీడ కనిపించింది. పొగమంచు పట్టిన అద్దం అలాంటి పనులు చేస్తుందని అతనికి తెలుసు. తెలిసీ కళ్ళు తిప్పుకోలేకపోయాడు. నాలుగింటికి బడి వదిలాడు. జోళ్ళ చప్పుళ్ళు వీధిలో కలిసిపోయాయి.

నల్లబల్ల తుడుస్తుండగా జోళ్ళ చప్పుడు మళ్ళీ వినిపించింది. వెనక్కి తిరగలేదు. చప్పుడు గుమ్మం దగ్గర ఆగింది.

"లోపలికి రావచ్చాండీ," అంది ఒక ఆడగొంతు.

మారెట్టమ్మ. పొట్టి మనిషి, బలమైన భుజాలు, తలగుడ్డ కింద నెరిసిన జుట్టు. ఆప్రాన్ ముందుభాగం తడిసి నల్లబడి ఉంది. ఒక చంకలో ఉతికిన బట్టల బుట్ట, రెండో చేతిలో గుడ్డలో చుట్టిన పొట్లం. అర్సేన్ చేతిలోని తుడుపుగుడ్డ ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు పట్టుకునే నిలబడ్డాడు.

"కూర్చోండి, మారెట్టమ్మా."

ఆమె అటూ ఇటూ చూసి, కిటికీ పక్కన మూడో బల్ల ఖాళీగా ఉందని వెళ్ళి అక్కడ కూర్చుంది. అతను వద్దనలేదు.

మధ్యాహ్నం ఫాన్షెట్ తల్లికి భోజనం తీసుకుని రేవుకు వెళ్ళి, అందరిముందూ పద్యం వల్లించిందట. రేవంతా విన్నారట. ఒర్తాన్స్ ఊరుకుంటుందా. ఏమే మారెట్టమ్మా, మంచు పగలగొట్టేది నువ్వొక్కదానివేనా, మా చేతులేం వెన్నతో చేశారా, మామీద పద్యమేదీ అని ఆటపట్టించిందట. అందరూ నవ్వారట. తనూ నవ్వానంది మారెట్టమ్మ. నవ్వి, మిగిలిన బట్టలు ఉతక్కుండానే వదిలి ఇంటికి పోయిందట.

"ఊరందరి నోళ్ళలో నానుతోంది, ఇవాళ్టిదాకా నా చెవిన పడలేదు," అంది. "నాకు చదువు రాదని మీకు తెలుసు కదండీ."

పొట్లం విప్పింది. పారిసునుంచి కొడుకు ఆమెకు పంపిన పుస్తకం. ఉతికిన దుప్పట్ల మధ్య దాచిందేమో, బూడిదసబ్బు వాసన. అర్సేన్ చేతిలోకి తీసుకున్నాడు. పేజీల అంచులు ఇంకా కోయలేదు. అచ్చాఫీసులో మడిచిన కాగితాలు మడిచినట్టే ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. చదివేవాళ్ళే చాకుతో కోసుకోవాలని ఆమెకు తెలియదు. ఇన్నాళ్ళూ అది తెరవడానికి రాని పుస్తకంగానే ఆమె దగ్గర ఉంది.

"ఒక్కమాట ముందే చెప్తున్నా," అంది ఆమె. "వాణ్ణి మీరు తీసుకుపోయారన్నాను. ఇప్పుడూ అదే అంటాను. ఆ మాట వెనక్కి తీసుకోడానికి రాలేదు."

"తీసుకోవద్దు," అన్నాడు అర్సేన్. కొంచెం ఆగి, "బట్టీలో ఉంటే బతికేవాడు," అన్నాడు.

"బతికేవాడు." ఆమె తన చేతులు చూసుకుంది. "అక్కడా పిండి ఊపిరితిత్తుల్లోకి పోతుందిలెండి. చదవండి."

అతను సొరుగులోంచి చాకు తీసి మొదటి మడత కోశాడు. కాగితం పరపరమంది. దీపం దగ్గరికి జరుపుకుని, నిలబడే చదివాడు, తరగతికి చదివినట్టు. చొక్కాల పద్యం పూర్తయ్యాక ఆమె కనుబొమలు ముడిచింది. చొక్కాల్లో ఎవరూ లేరని వాడికెవరు చెప్పారంది. వాసనబట్టి ఏ చొక్కా ఎవరిదో తను కళ్ళు మూసుకుని చెప్పగలదట. నోటరీగారి చొక్కాలో మనిషి రెండు ఉతుకులకు కూడా వదలడట. అర్సేన్‌కు నవ్వొచ్చింది. నవ్వు దగ్గుగా మారి, బల్ల పట్టుకోవలసి వచ్చింది.

ఇంకో మడత కోశాడు.

*పడుకునేముందు అమ్మ తన చేతుల్ని
బల్లమీద పెట్టి చూసుకుంటుంది,
ఎవరో వచ్చి
మరిచిపోయి వెళ్ళిన వస్తువుల్లాగ.*

గదిలో పొయ్యి చిటపటలాడింది. మారెట్టమ్మ చేతులు నిజంగానే బల్లమీద ఉన్నాయి. గబుక్కున తీసి ఆప్రాన్ కింద పెట్టుకుంది.

"వాడు నిద్రపోయాడనుకునేదాన్ని," అంది. "మళ్ళీ చదవండి. ఆ ఎవరో అన్నచోట."

చదివాడు. 'వచ్చి' దగ్గర ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు.

"అక్కడ," అంది ఆమె. "అక్కడ ఆగారే, వాడూ అలాగే ఆగేవాడు. గిన్నెలు తోముతూ ఏదో గొణుక్కుంటూ మధ్యలో అలా ఆగి, రొమ్ము నిండా గాలి పీల్చుకుని మళ్ళీ మొదలెట్టేవాడు. మేష్టారికి నకలు తీస్తున్నావా వెధవా అని ఒకసారి గరిటెతో కొట్టాను కూడా. నకలు కాదమ్మా, పద్యం ఇక్కడ ఊపిరి తీసుకుంటుంది, మేష్టారు చెప్పారన్నాడు."

ఈ పుస్తకం అర్సేన్ దగ్గరా ఉంది. కంఠతా వచ్చు. తన పేరు గానీ, బడి గానీ, ఈ కిటికీ గానీ అందులో ఎక్కడా లేవు. మొదట్లో అతను వెతికాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు పుస్తకం మీదికి వంగి, ఆ పంక్తులమధ్య ఉన్న తెల్లటి ఖాళీవంక చూశాడు. అక్షరాలు అలుక్కుపోయినట్టయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆఖరికి వాడికి ఊపిరే చాల్లేదు," అంది మారెట్టమ్మ. అది నిందలా లేదు. వాన వెలిసిందని చెప్పినట్టు చెప్పింది.

ఆ తర్వాత అతను చదువుతూ పోయాడు. ఒక మడత కోయడం, చదవడం, మళ్ళీ కోయడం. తెప్పలమీద పోయిన తండ్రి వచ్చాడు. గడ్డి కుక్కిన జోళ్ళు వచ్చాయి. రేవులో ఒర్తాన్స్ అరుపులు కూడా వచ్చాయి. అది విని మారెట్టమ్మ, రేపు ఒర్తాన్స్‌కి చెప్తానుండండి, తనూ పుస్తకంలో ఉన్నానని తెలిస్తే ఇహ నన్ను బతకనివ్వదు అంది. ఆమె మొహం మీద దీపం వెలుగు పడుతోంది. ఆమె కూర్చున్న చోట, ఆ వంగిన భుజాల్లో, నుదుటిమీద పడ్డ జుట్టుపాయలో, అర్సేన్‌కు వాడు కనిపిస్తూనే ఉన్నాడు. చదువుతూ చదువుతూ అతను ఆమెకోసం కాక, ఆ బల్లకోసం చదవడం మొదలుపెట్టాడు. ఆమె కూడా అది కనిపెట్టినట్టే ఉంది, కదలకుండా కూర్చుంది.

సగం పుస్తకం దగ్గర ఆమె లేచింది. నోటరీగారింట్లో దుప్పట్లు ఇవ్వాలి, చీకటిపడితే వాళ్ళావిడ తలుపు తీయదంది.

"రేపు వస్తాను. మిగతాది రేపు చదవండి. పుస్తకం ఇక్కడే ఉండనీండి, మా ఇంట్లో చెమ్మ."

ఎక్కడిదాకా వచ్చారో గుర్తుండాలి కదా అని, బుట్టలో చెయ్యిపెట్టి వెతికి, బట్టలు ఎగిరిపోకుండా తాడుకు బిగించే చీలిక పుల్ల ఒకటి తీసింది. తెరిచి ఉన్న పేజీకి గుచ్చి, పుస్తకం మూసి, అరచేత్తో ఒకసారి అదిమింది. గుమ్మం దగ్గర ఆగి, ఇటు తిరక్కుండానే, "మీ చొక్కాలు నాకు పంపండి. ఒర్తాన్స్ కాలర్లు సరిగ్గా ఉతకదు," అని జోళ్ళు తొడుక్కుని పొగమంచులోకి వెళ్ళిపోయింది.

అర్సేన్ ఆమె ఇప్పటిదాకా కూర్చున్న మూడో బల్లవైపు నడిచాడు. ఇన్నేళ్ళలో అతనెప్పుడూ దానిమీద కూర్చోలేదు. చిన్నపిల్లల బల్ల, మోకాళ్ళు పట్టవు. అయినా ఒదిగి కూర్చున్నాడు. బల్ల ఇంకా వెచ్చగా ఉంది. పుస్తకాన్ని ముందు పెట్టుకున్నాడు. తెరవలేదు. అరచేతిని తన పక్కటెముకలమీద పెట్టుకుని, లోపల నిండేదాకా ఆగాడు.

మర్నాడు పొద్దున పిల్లలు చంకల్లో కట్టెలతో వసారాలో చాలాసేపు నిలబడ్డారు. లోపలినుంచి పిలుపు రాలేదు. చివరికి ఫాన్షెట్టే తలుపు తోసింది. పొయ్యి చల్లారిపోయి ఉంది. మేష్టారు కిటికీ పక్క తల వాల్చుకుని కూర్చుని ఉన్నాడు, ఎవరో చెప్పేది వింటున్నట్టు. ఆ పిల్ల కేకలు వేయలేదు. తనతోటివాళ్ళను బయటే ఉండమని చెప్పి, రేవుకు పరుగెత్తింది.

అతన్ని ఉతికి మడిచిన చొక్కాలో సాగనంపారు. కాలరు మారెట్టమ్మే తన చేత్తో ఇస్త్రీ చేసింది. ఊరి చావుల పుస్తకంలో అతని పేరు రాయడానికి మేయరుగారే కలం పట్టుకోవలసి వచ్చింది.

క్రిస్మస్‌కి ముందు కొత్త మేష్టారు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్థుడు. పిల్లలు ఇరుకుగా కూర్చోవడం చూసి మూడో బల్లమీద ఇద్దరిని సర్దాడు. మారెట్టమ్మ సంగతి ఎవరో చెబితే ఆమెను పిలిపించి, మిగిలిన పద్యాలు తను చదివి వినిపిస్తానన్నాడు. ఆమె వినయంగా తల అడ్డంగా ఊపింది. పుస్తకం తీసుకెళ్ళమంటే, చెమ్మండీ, ఇక్కడే ఉండనీండి అంది.

అతను దాన్ని బీరువాలో పై అరలో పెట్టాడు. చీలిక పుల్ల పుస్తకంలోంచి బొటనవేలంత పైకి కనిపిస్తూ ఉంటుంది. దాని ఇవతల పేజీలు కోసి ఉన్నాయి. అవతలివి అంటుకునే ఉన్నాయి.